నార్కోలెప్సీ ఉన్న టీచరు బడిలో ఇరవై నిమిషాల కునుకు ఎలా అడగాలి?

కోనసీమ టీచర్ | జూన్ 21, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను కోనసీమలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. నా వయసు 31. వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్ళి స్లీప్ స్టడీ చేయించుకున్న తరువాత నాకు మొదటి రకం నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నరాల జబ్బు, ఉన్నదని తేలింది. రాత్రంతా తలకు తీగలు అతికించి పడుకోబెట్టి, మరునాడు పగలు రెండేసి గంటల ఎడంతో ఐదుసార్లు నిద్రకు ప్రయత్నించమన్నారు. ఐదుసార్లూ నిద్రపోయాను. నిద్ర పట్టడానికి సగటున మూడు నిమిషాలైనా పట్టలేదనీ, అందులో నాలుగుసార్లు నేరుగా కలల నిద్రలోకే వెళ్ళాననీ నివేదికలో రాశారు.

ఈ బాధ ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో మొదలైంది. పదమూడేళ్ళుగా కొందరు రక్తహీనత అన్నారు, కొందరు థైరాయిడ్ అన్నారు, ఇంట్లో పెద్దవాళ్ళు బద్ధకం అన్నారు. తెల్లవారుజామున మెలకువ వచ్చినా కాలూ చేయీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేసరికి మా అమ్మమ్మ తాయెత్తు కట్టించింది. ఉద్యోగంలో చేరాక మరింత కష్టమైంది. బోర్డు మీద కిరణజన్య సంయోగక్రియ సమీకరణం రాస్తూ ఉండగానే చెయ్యి తన దారిన తాను సాగిపోయేది. పిల్లలు పిలిచాక చూసుకుంటే, అక్షరాలు కిందికి జారి ఒట్టి గీతలుగా మిగిలి ఉండేవి. ఎవరైనా పిల్లవాడు చమత్కారంగా సమాధానం చెప్పి తరగతి మొత్తం నవ్వినప్పుడు, వాళ్ళతో పాటు నాకూ నవ్వు వచ్చి, మోకాళ్ళు సడలిపోయి సుద్దముక్క చేతిలోంచి జారిపోతుంది. ఆ అరనిమిషం అన్నీ వినబడుతూనే ఉంటాయి, నోట మాట మాత్రం రాదు. అది కేటప్లెక్సీ అని ఇప్పుడు తెలిసింది.

ఉదయం మెలకువగా ఉంచే మోడాఫినిల్ మాత్ర వేసుకుంటున్నాను. దానితో పాటు మధ్యాహ్న భోజనం తరువాత పదిహేను ఇరవై నిమిషాలు తప్పనిసరిగా నిద్రపోవాలని డాక్టరుగారు చెప్పారు. ఆ ఇరవై నిమిషాల దగ్గరే నాకు చిక్కు వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలికి విషయం చెప్పాలా? చెబితే బడిలో నిద్రపోయే టీచరన్న పేరు స్థిరపడిపోతుందేమోనని భయంగా ఉంది. మా వారు చెప్పవద్దంటున్నారు. మీలో ఎవరైనా చెప్పినవారుంటే, ఏ మాటలతో చెప్పారో దయచేసి రాయండి.

మియాపూర్ మెట్రో | జూన్ 21, రాత్రి 10:45

టీచరు గారూ, నాకు ఈ జబ్బు ఉన్నదని తెలిసి ఆరేళ్ళైంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మొదటి రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని, మూత వేసిన కమోడ్ మీద కూర్చుని, ఫోను వైబ్రేషన్‌లో పెట్టి చేతిలో పట్టుకుని నిద్రపోయేవాణ్ణి. ఆ నిద్రలో సగం భయమే ఉండేది కనుక విశ్రాంతి దక్కేది కాదు. ఆ రెండేళ్ళలో నేను పడిన శ్రమ జబ్బును భరించడానికి కాదు, దాన్ని దాచడానికే పట్టింది.

చివరకు మేనేజరుకు ఒక పేజీ ఉత్తరం రాశాను. జబ్బు చరిత్ర రెండు వాక్యాల్లో ముగించి, మిగతా పేజీ అంతా నాకు ఏమి కావాలో రాశాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇరవై నిమిషాలు, సాయంత్రం నాలుగున్నరకు పదిహేను నిమిషాలు తలుపు ఉన్న గది కావాలన్నాను. రాత్రి షిఫ్టులు వద్దన్నాను. భోజనం అయిన వెంటనే గంటకు మించిన మీటింగు పెట్టవద్దనీ, పెట్టక తప్పకపోతే నేను నిలబడి పాల్గొంటాననీ రాశాను. పని తగ్గించమని ఎక్కడా అడగలేదు. నా అనుభవంలో, జబ్బు పేరు చెప్పి ఆగితే ఎదుటివారు భయపడతారు. అవసరం ఇంత, సమయం ఇంత అని కొలిచి చెబితే, దాన్ని ఎలా సర్దాలా అని ఆలోచిస్తారు.

సత్తెనపల్లి మాస్టారు | జూన్ 22, ఉదయం 5:30

అమ్మా, నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. నీ బాధను తక్కువ చేయాలని కాదు గాని, పెద్దవాడిగా ఒక మాట చెప్పదలచుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడని టీచరును నేను చూడలేదు. రాత్రి తొమ్మిదికే పడుకుని నాలుగున్నరకు లేచి, అన్నం తగ్గించి, ఫోను పక్కన పెడితే చాలా మందికి పగటి మగత పోతుంది. ముందు ఆ క్రమశిక్షణ ప్రయత్నించి, ఆ తరువాత మందుల సంగతి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

నరాల డాక్టర్ | జూన్ 22, మధ్యాహ్నం 2:20

మాస్టారు గారూ, మీరు చెప్పిన అలవాట్లు అందరికీ మేలు చేసేవే. నార్కోలెప్సీ ఉన్నవారికి కూడా అవి అవసరమే, కానీ వాటితో ఈ జబ్బు పోదు. ఎందుకు పోదో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే టీచరు గారు రేపు ఎవరికి చెప్పబోయినా మొదట ఎదురయ్యే ప్రశ్న మీరడిగినదే.

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చోట ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు సుమారు 70,000 ఉంటాయి. మొత్తం మెదడుతో పోలిస్తే అది పిడికెడైనా కాదు. 1998లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా ఈ రసాయనాన్ని కనుగొన్నాయి. ఒక బృందం దానికి హైపోక్రెటిన్ అని పేరు పెట్టినందువల్ల ఇప్పటికీ రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి. మరుసటి సంవత్సరం, వంశపారంపర్యంగా నార్కోలెప్సీ వచ్చే డాబర్‌మన్ కుక్కలలో ఈ రసాయనాన్ని అందుకునే గ్రాహకమే చెడిపోయి ఉన్నదని స్టాన్‌ఫర్డ్‌లో తేల్చారు. 2000లో, మొదటి రకం నార్కోలెప్సీతో జీవించి మరణించినవారి మెదళ్ళను పరీక్షించినప్పుడు, ఆ కణాలలో పదింట తొమ్మిది వంతుల వరకు నశించి ఉండడం కనిపించింది. ఈ రోగులలో నూటికి తొంభై మందికి పైగా ఒక ప్రత్యేకమైన రోగనిరోధక జన్యురకం ఉంటుంది కనుక, శరీరపు సొంత రక్షణ వ్యవస్థే ఆ కణాలను దెబ్బతీస్తున్నదని బలంగా భావిస్తున్నాము. అయితే ఆ జన్యురకం ఉన్న ఆరోగ్యవంతులే ఎక్కువ మంది కాబట్టి, దాని ఒక్కదాన్ని చూసి జబ్బును నిర్ధారించము.

ఇక ఒరెక్సిన్ చేసే పని. కోనసీమ వారికి కాలువ లాకులు తెలుసు కనుక అలా చెబుతాను. మెలకువకూ నిద్రకూ మధ్య లాకు తలుపు ఉన్నదనుకోండి. దాన్ని ఒక వైపు గట్టిగా పట్టి నిలిపే లస్కరు ఒరెక్సిన్. లస్కరు లేనప్పుడు తలుపు పగలు నిద్ర వైపు తెరుచుకుంటుంది, రాత్రి మెలకువ వైపు కూడా తెరుచుకుంటుంది. అందుకే ఈ రోగులు పగలు తూగుతారు, రాత్రి పదేపదే లేస్తారు. మామూలుగా నిద్రపట్టిన గంటన్నర తరువాత రావలసిన కలల నిద్ర వీరికి పదిహేను నిమిషాల లోపే వస్తుంది. ఆ నిద్రలో కండరాలు సడలిపోవడం ప్రకృతి ధర్మం. మెలకువలో నవ్వినప్పుడు ఆ సడలింపు ఒక్కటే విడిగా వచ్చి పడితే అది కేటప్లెక్సీ. మేలుకుంటున్నప్పుడు అదే కొద్దిసేపు నిలిచిపోతే, టీచరు గారి అమ్మమ్మగారు తాయెత్తు కట్టించిన స్థితి.

టీచరు గారికి ఒక సూచన. కునుకును విశ్రాంతి అని చెప్పకండి, చికిత్స అని చెప్పండి. మధుమేహం ఉన్న టీచరు ఇన్సులిన్ వేసుకోవడానికి ఐదు నిమిషాలు బయటికి వెళితే ఎవరూ తప్పుపట్టరు.

కరీంనగర్ అమ్మ | జూన్ 22, రాత్రి 8:05

డాక్టరు గారు రాసినది మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. మా పాపకు ఇప్పుడు పదమూడేళ్ళు. పదో ఏట మొదలైంది. నాలుగు నెలల్లో పదకొండు కిలోల బరువు పెరిగింది. నవ్వితే ముఖం వేలాడిపోయి, నాలుక కొద్దిగా బయటికి వచ్చేది. మూర్ఛ అనుకుని ఒక ఏడాది పాటు ఫిట్స్ మందులు వాడాము. స్పృహ ఎప్పుడూ పోలేదనీ, అన్నీ వింటున్నాననీ పాప చెబుతూనే ఉన్నది, కానీ చిన్నపిల్ల మాట అని మేమూ పట్టించుకోలేదు, చూసినవారూ పట్టించుకోలేదు. ఆ ఏడాది నాకు ఇప్పటికీ గుండెలో ముల్లే.

టీచరు గారూ, మీరు ఆ వైపు నుంచి ఈ జబ్బును చూస్తున్నారు, నేను ఈ వైపు నుంచి చూస్తున్నాను. పాప చదివే బడిలో నిద్రపోతున్నదని బెంచీ మీద నిలబెట్టేవారు. నిలబడి కూడా నిద్రపోయి ఒకసారి కింద పడి పెదవి చిట్లింది. మీరు మీ బడిలో ఈ విషయం చెబితే, మీ తరగతిలో ఇలాంటి పిల్ల ఎవరైనా ఉంటే ఆ పిల్లకు కూడా దారి దొరుకుతుంది. నాకు తెలిసి మీరు చెప్పడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కరలేదు.

కోనసీమ టీచర్ | జూన్ 22, రాత్రి 9:50

అమ్మా, మీ మాటలు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను కూడా నిద్రపోయే పిల్లలను నిలబెట్టాను. నాకు నిద్ర ఆగని రోజుల్లోనే, నా మీద నాకున్న కోపంతో, వాళ్ళను నిలబెట్టాను. పాప పరీక్షల సంగతి ఎలా చూస్తున్నారు? బడిలో ఇప్పుడు కునుకుకు ఒప్పుకున్నారా?

కరీంనగర్ అమ్మ | జూన్ 23, ఉదయం 10:15

బడి మార్చాము. ఇప్పటి బడిలో మధ్యాహ్నం స్టాఫు గది పక్కన చాప వేసి ఇరవై నిమిషాలు పడుకోనిస్తారు. లేపే బాధ్యత పాప స్నేహితురాలిది. లేచిన తరువాత ముఖం కడిగించి, పది నిమిషాల వరకు ఏమీ అడగవద్దని చెప్పాము. పరీక్ష ముందు ఒక కునుకు తీయించి పంపుతున్నాము. పదో తరగతికి వచ్చేసరికి అదనపు సమయం అడగవలసి ఉంటుంది. అది ఎలా వస్తుందో తెలిసినవారు చెప్పగలరు.

నరాల డాక్టర్ | జూన్ 23, మధ్యాహ్నం 3:00

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 రకాల వైకల్యాలలో నార్కోలెప్సీ పేరు విడిగా లేదు. దీర్ఘకాలిక నాడీ సంబంధ వ్యాధులు అనే వర్గం మాత్రం ఉన్నది. కాబట్టి స్లీప్ స్టడీ నివేదికనూ, వైద్యుని ధ్రువపత్రాన్నీ ఇప్పటి నుంచే భద్రపరచి, పరీక్షల సంవత్సరం మొదట్లోనే బడి ద్వారా రాతపూర్వకంగా అడగండి. అడిగేటప్పుడు అదనపు సమయం అన్న ఒక్క మాటతో ఆగక, పరీక్ష మధ్యలో పర్యవేక్షకుని ఎదుటే పదిహేను నిమిషాల విరామం కావాలని స్పష్టంగా రాయండి. ఈ పిల్లలకు అరగంట అదనంగా కూర్చోవడం కన్నా ఆ విరామమే ఎక్కువ పనికి వస్తుంది.

లండన్ నర్సు | జూన్ 23, రాత్రి 11:40

నేను విజయవాడ అమ్మాయిని, ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను, నాకూ ఈ జబ్బే. బ్రిటన్‌లో ఉద్యోగంలో చెప్పాలా వద్దా అన్నది మన ఇష్టం, కానీ డ్రైవింగ్ లైసెన్సు సంస్థకు చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. చెప్పకపోతే 1000 పౌండ్ల వరకు జరిమానా వేయవచ్చు. లక్షణాలు అదుపులోకి వచ్చాయని వైద్యులు రాసి ఇస్తే మళ్ళీ నడపనిచ్చే అవకాశం ఉంటుంది. చెప్పడమంటే అన్నీ పోగొట్టుకోవడమే అని నేను కూడా మొదట అనుకున్నాను, అలా జరగలేదు.

మందుల విషయంలో యూరప్‌లో 2005 నుంచి సోడియం ఆక్సిబేట్, 2016 నుంచి పిటోలిసాంట్ అనుమతిలో ఉన్నాయి. నేను సోడియం ఆక్సిబేట్ తాగుతాను. పడుకునే ముందు ఒక మోతాదు, అది తాగిన రెండున్నర నుంచి నాలుగు గంటల తరువాత అలారం పెట్టుకుని లేచి రెండో మోతాదు తాగాలి. నా కేటప్లెక్సీ దానితో బాగా తగ్గింది. అయితే ఇది జాగ్రత్తతో వాడవలసిన మందు. మద్యంతో గాని, ఇతర నిద్రమాత్రలతో గాని కలిస్తే ప్రాణానికే ప్రమాదం.

మియాపూర్ మెట్రో | జూన్ 24, ఉదయం 7:30

బండి మాట వచ్చింది కనుక రాస్తున్నాను. జబ్బు తేలిన వారంలోనే నేను బైకు అమ్మేశాను. అంతకు ముందు ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర బండి మీదే కన్ను మూతపడి, వెనకవాళ్ళు హారన్ కొడితే మెలకువ వచ్చింది. అప్పుడు బండి ఆగి ఉన్నది కాబట్టి బతికాను. ఇప్పుడు మెట్రోలో వెళ్తాను. దిగవలసిన స్టేషనుకు రెండు స్టేషన్ల ముందు మోగేలా మణికట్టు గడియారంలో అలారం పెట్టుకుంటాను. కోనసీమలో మెట్రో లేదని తెలుసు. టీచరు గారు బడికి ఎలా వెళుతున్నారు?

కోనసీమ టీచర్ | జూన్ 24, ఉదయం 8:05

స్కూటీ మీద, కాలువ గట్టు వెంట తొమ్మిది కిలోమీటర్లు. నివేదిక వచ్చిన రోజు నుంచి నడపడం లేదు. పోయేటప్పుడు సహోపాధ్యాయిని వెనక కూర్చుంటున్నాను, వచ్చేటప్పుడు షేర్ ఆటోలో వస్తున్నాను.

నరాల డాక్టర్ | జూన్ 24, మధ్యాహ్నం 1:45

చాలా మంచి పని చేశారు. మన దేశంలో లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడు నింపే ఫారం 1లో, ఏ కారణం చేతనైనా అకస్మాత్తుగా స్పృహ తప్పడం, కళ్ళు తిరగడం వంటివి ఉన్నాయా అని అడుగుతారు. చాలా మంది చదవకుండానే లేదని టిక్కు పెడతారు. నార్కోలెప్సీ పేరు అక్కడ లేదు కదా అని అనుకోకుండా, మీ వైద్యుడు సరేననేవరకు బండి తీయవద్దు. వెనక కూర్చున్నప్పుడు కూడా నవ్వుతో గాని నిద్రతో గాని పట్టు సడలవచ్చు కనుక, ఆటో దొరికితే రెండు వైపులా ఆటోయే మేలు.

మందుల గురించి కూడా కొన్ని మాటలు. మోడాఫినిల్ ఉదయమే వేసుకోండి, మధ్యాహ్నం దాటి వేసుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. ఒంటి మీద దద్దుర్లు గాని, నోటిలో పుండ్లు గాని వస్తే వెంటనే ఆపి వైద్యుని కలవండి. గర్భనిరోధక మాత్రల పనితనాన్ని అది తగ్గిస్తుంది. మందు మానిన నెల రోజుల వరకూ ఆ ప్రభావం ఉంటుంది కనుక వేరే పద్ధతి కావాలి. బిడ్డ కోసం ఆలోచన ఉంటే గర్భం రాకముందే వైద్యునితో మాట్లాడాలి. మన ఊళ్ళలో ఈ మాట ఆడవారికి ఎవరూ చెప్పడం లేదు, అందుకే ఇంత విడమరచి రాస్తున్నాను. కేటప్లెక్సీ కోసం వెన్లాఫాక్సిన్ వంటి మందు ఇస్తే దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే, కేటప్లెక్సీ విడవకుండా గంటల తరబడి వచ్చే ప్రమాదం ఉంది.

గుంటూరు భర్త | జూన్ 24, రాత్రి 9:20

నా భార్యకు నార్కోలెప్సీ. టీచరు గారి భర్తగారు ఎందుకు వద్దంటున్నారో నాకు అర్థమవుతుంది, ఎందుకంటే నేనూ మూడేళ్ళు అలాగే అన్నాను. బయటివాళ్ళు తనను ఒక మాట అంటారని భయపడి అన్నాను. కానీ ఆ భయం భారమంతా ఆమె మీదనే పడింది. బంధువుల ఇంట్లో పెళ్ళికి వెళితే నవ్వు రాకుండా ముఖం బిగబట్టుకుని కూర్చునేది. నవ్వడం మానేసిన మనిషితో కాపురం చేయడం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమెకు కేటప్లెక్సీ వస్తే ఎవరూ నీళ్ళు చల్లరు, చేతిలో తాళంచెవులు పెట్టరు, లేపి నిలబెట్టరు. తల నేలకు తగలకుండా పట్టుకుని, పక్కన కూర్చుని, మామూలుగా మాట్లాడుతూ ఉంటాము, ఎందుకంటే ఆమెకు అన్నీ వినబడుతాయి. నూనె మరుగుతున్న పొయ్యి దగ్గరా, డాబా మెట్ల మీదా ఒంటరిగా ఉండదు. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, పప్పూ కూరా గుడ్డూ ఎక్కువ తింటుంది. పెద్ద భోజనం రాత్రికీ పెట్టుకోదు. దానితో రెండు గంటలకు వచ్చే మగత పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది.

సత్తెనపల్లి మాస్టారు | జూన్ 25, ఉదయం 6:00

నేను మొదట రాసినదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నిన్నంతా నా తమ్ముడే గుర్తుకు వచ్చాడు. వాడికి ఇప్పుడు 58 ఏళ్ళు. కిరాణా కొట్టు కౌంటరు దగ్గర చిట్టా రాస్తూ రాస్తూ నిద్రపోయేవాడు. పేకాటలో మంచి ముక్క పడితే చేతిలో ముక్కలన్నీ కింద పడిపోయేవి, మేమందరం నవ్వేవాళ్ళం. ఇంత వయసులో పరీక్ష చేయిస్తే ప్రయోజనం ఉంటుందా, డాక్టరు గారూ?

నరాల డాక్టర్ | జూన్ 25, మధ్యాహ్నం 2:10

తప్పక ఉంటుంది, మాస్టారు గారూ. 1880లో ఈ జబ్బుకు నార్కోలెప్సీ అని పేరు పెట్టిన ఫ్రెంచి వైద్యుడు జెలినో వర్ణించిన రోగి పీపాల వ్యాపారి, వయసు 38. అతనికి కూడా పేకాటలో మంచి ముక్కలు పడినప్పుడు ఒళ్ళు సడలిపోయేదట. మీరు మీ తమ్ముడి గురించి రాసిన వాక్యం చదవగానే ఆ రోగే గుర్తుకు వచ్చాడు. అయితే ఈ వయసులో గురక, నిద్రలో ఊపిరి ఆగడం కూడా పగటి నిద్రకు చాలా మామూలు కారణాలు. అవీ నార్కోలెప్సీ కూడా ఒకరిలోనే ఉండవచ్చు కనుక, రాత్రి పరీక్షా పగటి పరీక్షా రెండూ చేయించండి. ఆయన ఏవైనా మానసిక కుంగుబాటు మందులు వాడుతుంటే ముందుగా చెప్పాలి. అవి కలల నిద్రను అణచి ఫలితాన్ని మార్చేస్తాయి కనుక, వైద్యుని పర్యవేక్షణలో సాధారణంగా రెండు వారాల ముందే ఆపిస్తారు.

కోనసీమ టీచర్ | జూలై 19, సాయంత్రం 6:30

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. జూన్ చివరి శనివారం మా వారే నాతో బడికి వచ్చారు. మియాపూర్ గారు చెప్పినట్టు ఒక పేజీ ఉత్తరం రాసి, నివేదిక నకలు జతపరచి మేడమ్ గారికి ఇచ్చాను. ఆమె మొదట అడిగిన ప్రశ్న, ఆ ఇరవై నిమిషాల్లో తరగతి ఎవరు చూస్తారన్నది. భోజన విరామంలోనే నిద్రపోతాననీ, మధ్యాహ్నం మొదటి పీరియడ్ బదులు ఉదయం ఒకటి అదనంగా తీసుకుంటాననీ ముందే రాసుకుని వెళ్ళాను. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. ప్రయోగశాల వెనక పాత మైక్రోస్కోపులు పెట్టే గదిలో బల్ల ఒకటి ఖాళీ చేయించి ఇచ్చారు.

ఇద్దరు సహోపాధ్యాయులు ఇంకా ఏదో అంటూనే ఉన్నారు, అది వినబడుతూనే ఉంది. కానీ మూడు వారాలుగా బోర్డు మీద నా అక్షరాలు జారలేదు. జీర్ణవ్యవస్థ పాఠం చెబుతున్నప్పుడు ఒకసారి మోకాళ్ళు సడలాయి. కుర్చీలో కూర్చుని, అది పోయాక, ఏమైందో తొమ్మిదో తరగతి పిల్లలకు లాకు తలుపు బొమ్మ గీసి చెప్పాను. అందులో రోజూ వెనక బెంచీలో నిద్రపోయే అబ్బాయి ఒకడు విరామంలో నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి నాన్నతో రొయ్యల చెరువుకు వెళుతున్నాడట. వాడిది నార్కోలెప్సీ కాదు. అయినా వాడికీ ఒక చాప వేయించమని మేడమ్ గారిని అడిగాను, సోమవారం చెబుతామన్నారు.

కరీంనగర్ అమ్మా, పాప ఎలా ఉంది?